కాటా ప్రోగ్రాంకు అన్ని మిషన్ల మీద ఒకటే టూల్‌కిట్టా, ప్యానెల్ సప్లయర్ ఇచ్చిందా?

సాగర్_ఎడమకాల్వ (ప్రశ్న)

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లులల్ల వేబ్రిడ్జి తూకం, వడ్ల ఖాతా చూసే ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి రాయాల్సిన పని పడ్డది. పాతది వీబీ6ల (మైక్రోసాఫ్ట్ పాత విజువల్ బేసిక్) ఉన్నది. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10 సపోర్టు బందయింది కాబట్టి, కొందరు మిల్లర్లు కొత్త పీసీలు కొనకుంట పాతవాటి మీదనే లైనక్స్ ఎక్కియ్యమంటున్నరు.

కొత్త ప్రోగ్రాం మూడు చోట్ల నడవాలె. ఆఫీసుల విండోస్ 11. కాటా రూముల ఉబుంటు, గ్నోమ్ డెస్క్‌టాప్. బయట కాటా పక్కన గోడకు 7 అంగుళాల టచ్ ప్యానెల్, 1024×600, ఏఆర్ఎం ప్రాసెసర్, లోపల లైనక్సే. లారీ డ్రైవర్లు, హమాలీ మేస్త్రీ చూసేది ఈ ప్యానెల్‌నే.

చిక్కంతా ప్యానెల్ కాడనే. సప్లయర్ తన సొంత టూల్‌కిట్ (బటన్లు, మెనూలు గీసే తయారు కోడ్), దానికో డిజైనర్ (స్క్రీన్లు గీసే ప్రోగ్రాం) ఇచ్చి స్క్రీన్లు అండ్లనే గీయమంటున్నడు. బటన్ల ఆకారం, రంగులు, పైన పట్టీ మీద లోగో, అన్నీ వాళ్ల పద్ధతే. సూర్యాపేటల ఇంకో సప్లయర్‌ది ఇంకో పద్ధతి. అందరికీ ఒక్కటే పెడదామంటే వాళ్లు ఒప్పుకుంటలేరు. ఎవరిది వాళ్లకు వదిలేస్తే ఒకటే తూకం స్క్రీను మూడు సార్లు రాసుడు, మూడు సార్లు టెస్ట్ చేసుడు అయితది. మిల్లర్లు కూడా మా మిల్లు రంగులే రావాలె అంటరు. ఎక్కడిదాకా ఒక్కతీరు ఉండాలె, ఎక్కడి నుంచి వదిలిపెట్టాలె? ఇంతకూ లైనక్స్ కాడ ఇన్నేండ్లకు కూడా ఒక్క స్టాండర్డ్ టూల్‌కిట్ ఎందుకు లేదు? మోటిఫ్ అనే పాత యూనిక్స్ టూల్‌కిట్‌కు ఐఈఈఈ (ఇంజినీర్ల సంస్థ) స్టాండర్డ్ ఉండె అని విన్న. లేబుళ్లు తెలుగులనే కావాలె, అది కూడా లెక్కల పెట్టుకొని చెప్పండ్రి.

పాలమూరు_పిక్సెల్

చివర అడిగినదాంతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ సప్లయర్‌తో పంచాయితీ సరిగ్గా అదే.

1987లో ఎంఐటీ నుంచి ఎక్స్11 (యూనిక్స్ మిషన్ల మీద విండోలు చూపే వ్యవస్థ) వచ్చినప్పుడే ఒక హద్దు గీశారు. విండో తెరవడం, గీతలు గీయడం, కీబోర్డు, మౌస్ సంగతులు ప్రోగ్రాంకు చేరవేయడం వరకే ఎక్స్ పని. బటన్ ఎట్లా కనిపించాలి, మెనూ ఎట్లా తెరుచుకోవాలి అన్నది పైవాళ్లు చూసుకోవాలి. దాని మీద వచ్చిన ఎక్స్‌టీ ఇన్‌ట్రిన్సిక్స్ అనే లైబ్రరీ కూడా అదే దారి పట్టింది. అప్పుడు ప్రతి యూనిక్స్ కంపెనీకి తన మిషన్ వేరుగా కనిపించాలన్న కోరిక ఉండేది కాబట్టి అందరికీ ఇది నచ్చింది.

ఖాళీ వదిలిన చోట ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. 1988లో సన్, ఏటీ అండ్ టీ కలిసి ఓపెన్ లుక్ ప్రకటించాయి. మిగతా కంపెనీలు ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పేరుతో ఒక్కటై 1989లో మోటిఫ్ తెచ్చాయి. ఈ రెంటికీ తేడా చూపుకే అనుకుంటారు చాలామంది, అసలు తేడా వేరే. ఓపెన్ లుక్ అంటే ముందుగా ఒక స్పెసిఫికేషన్. రూపం, నడక ఎట్లా ఉండాలో రాసి పెట్టి, ఏ ఏపీఐతో (ప్రోగ్రాం లైబ్రరీని పిలిచే పద్ధతి) కడతారో మీ ఇష్టం అన్నారు. అందుకే అదే రూపానికి ఎక్స్‌వ్యూ ఒకటి, ఎక్స్‌టీ మీద కట్టిన ఓఎల్ఐటీ ఇంకొకటి, రెండు లైబ్రరీలు నడిచాయి. మోటిఫ్‌లో లైబ్రరీ ఒకటే, ఏపీఐ ఒకటే, వెంట ఒక స్టైల్ గైడ్. ప్రోగ్రామర్‌కు మోటిఫ్ సులువు, ఎందుకంటే రాసిన కోడ్ పక్క కంపెనీ మిషన్ మీద కూడా కంపైల్ అయ్యేది.

వాడేవాళ్లకు తగిలిన దెబ్బ ఇంకోచోట ఉంది. ఓపెన్ లుక్‌లో మెనూ బటన్ మీద కుడి బటన్ నొక్కితే మెనూ తెరుచుకునేది, ఎడమ బటన్ నొక్కితే ఆ మెనూలో డిఫాల్ట్‌గా పెట్టిన పని నేరుగా జరిగిపోయేది. మోటిఫ్‌లో ఎడమ బటన్ నొక్కితేనే మెనూ తెరుచుకునేది. అంటే మెనూలో ఏముందో చూద్దామని నొక్కిన అదే వేలు, ఇంకో మిషన్ మీద పని చేసేసేది. రంగు తేడా రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఇట్లాంటి తేడా అలవాటు కాదు.

1993 మార్చిలో కోస్ పేరుతో యూనిక్స్ కంపెనీలు రాజీకి వచ్చాయి, సన్ కూడా మోటిఫ్‌కు ఒప్పుకుంది. దాంట్లోంచే సీడీఈ డెస్క్‌టాప్ పుట్టింది. మీరు విన్న ఐఈఈఈ 1295 కూడా ఆ ఏడాదిదే. మరి లైనక్స్ దాన్ని ఎందుకు ఎత్తుకోలేదంటే, మోటిఫ్‌కు లైసెన్సు డబ్బులు కట్టాలి. బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రాం మొదటి రూపం మోటిఫ్ మీదే ఉండేది. ఆ బాధ పడలేక వాళ్లే జీటీకే రాసుకున్నారు. క్యూటీ అనే ఇంకో టూల్‌కిట్ మీద కేడీఈ డెస్క్‌టాప్ 1996లో, జీటీకే మీద గ్నోమ్ 1997లో మొదలయ్యాయి. మోటిఫ్ ఎల్‌జీపీఎల్ అనే ఉచిత లైసెన్సు కిందికి వచ్చింది 2012లో. అప్పటికి అడిగేవాళ్లు లేరు.

కాబట్టి సప్లయర్ "మాది స్టాండర్డ్" అంటే అడగాల్సింది రెండే. దాన్ని ఇంకెవరి హార్డ్‌వేర్ మీదైనా నడపవచ్చా? లైసెన్సు ఎవరి చేతిలో ఉంది?

జడ్చర్ల_జంక్షన్

పైన పిక్సెల్ అన్న చెప్పిన కుడి, ఎడమ బటన్ పంచాయితీ ఇప్పుడు కూడా ఉన్నది, ఇంకో వేషంల. విండోస్‌ల డైలాగ్ పెట్టెల "సరే" ఎడమ దిక్కు, "రద్దు" కుడి దిక్కు. గ్నోమ్‌ల తిప్పి ఉంటది: "రద్దు" ఎడమకు, "సరే" కుడికి. క్యూటీల డైలాగ్ బటన్ బాక్స్ వాడితే ఏ డెస్క్‌టాప్ మీద ఉంటే ఆ వరుస దానంతట అదే పెట్టుకుంటది. మామూలు ప్రోగ్రాంకు అది మంచిదే. నీకు మాత్రం కాదు తమ్మీ. నీ ఆపరేటర్ పొద్దున ఆఫీసుల, మాపటికి కాటా రూముల కూసుంటడు. లారీ వెనుక లారీ ఉన్నప్పుడు ఎవ్వరూ చదివి నొక్కరు, జాగ చూసి నొక్కుతరు.

గందుకే వరుసను కట్టేయాలె. క్యూటీ స్టైల్‌షీట్‌ల (రూపం రాసిపెట్టే ఫైల్) డైలాగ్ బటన్ బాక్స్‌కు బటన్-లేఅవుట్ అని ఒక ప్రాపర్టీ ఉన్నది: 0 పెడితే విండోస్ వరుస, 1 మ్యాక్, 2 కేడీఈ, 3 గ్నోమ్. అన్ని చోట్ల 0 పెట్టు. అట్లనే "సరే" అని రాయకు, "తూకం సేవ్ చెయ్యి", "చీటీ ప్రింట్", "ఈ తూకం వద్దు" అని పనే రాయి. ఎంటర్ కొడితే ఏది నడవాలె అన్నది కూడా కోడ్‌ల చెప్పి పెట్టు. సేవ్‌కు ఎంటర్ సరే. తూకం కొట్టేసే బటన్‌కు మాత్రం ఎంటర్ ఇయ్యకు.

టూల్‌కిట్ సంగతికొస్తే నా ఓటు క్యూటీ విడ్జెట్స్‌కు, ఫ్యూజన్ స్టైల్‌తోని. ఫ్యూజన్ విండోస్ మీద, లైనక్స్ మీద, విండో సిస్టం లేని ప్యానెల్ మీద ఒక్కతీరుగనే గీస్తది. విండోస్ 11ల మిగతా ప్రోగ్రాంల లెక్క కనిపించదు, నిజమే. కాటా ప్రోగ్రాంకు అది అక్కర లేదు. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ బాగనే ఉంటది గని, అది ఆయా సిస్టం బటన్లనే వాడుకుంటది కాబట్టి ప్రతి చోట కొలతలు మారుతయి, ప్యానెల్ మీద అడుగున జీటీకే కూడా పెట్టాలె.

ఇగ మిల్లర్ల రంగులు. ఇక్కడ చానామంది చేసేది ఏందంటే, పెద్ద స్టైల్‌షీట్ రాసి మిల్లర్ చేతికి, లేదంటే సప్లయర్ చేతికి ఇస్తరు. మొదలు మస్తుగ కనిపిస్తది. తర్వాత ఏమైతదో చూడు. బటన్‌కు బోర్డర్ ఒక్కటి మార్చినా స్టైల్ గీసే పాత గీత పోతది. నొక్కినప్పుడు, ఫోకస్ ఉన్నప్పుడు, పని చెయ్యనప్పుడు ఎట్లుండాలె అన్నది మనమే రాయాలె. రాయకుంటే ట్యాబ్ కొట్టుకుంట పోయే ఆపరేటర్‌కు ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నమో కనవడదు. కాంబో బాక్స్, స్క్రోల్ బార్ అయితే ఇంకా ఘోరం: ఒక్క భాగం ముట్టుకుంటే మిగతా భాగాలన్నీ మనమే రాసుకోవాలె, లేకుంటే బాణం గుర్తులు మాయం. ఈ సంగతి క్యూటీ డాక్యుమెంటేషన్‌లనే రాసి ఉన్నది.

దానికి బదులు ప్యాలెట్ (టూల్‌కిట్ వాడే రంగుల పట్టిక) వాడు. బయటివాళ్లకు ఒక చిన్న సెట్టింగ్ ఫైల్ ఇయ్యి. అండ్ల ముఖ్య రంగు, లోగో బొమ్మ, మిల్లు పేరు, అక్షరం సైజు, ఈ నాలుగే. ముఖ్య రంగు నుంచి మిగతా షేడ్లు కోడే లెక్క కట్టాలె. రంగు మీద అక్షరాలు కనవడతయా లేదా అని కాంట్రాస్ట్ లెక్క కూడా కోడే చూడాలె, 4.5 కన్న తక్కువైతే ఆ రంగు తీసుకోవద్దు. పసుపు మీద తెల్ల అక్షరాలు అడిగే మిల్లరు ఒకరన్న దొరుకుతడు. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం ఎవ్వరి చేతికీ ఇయ్యకు. తూకం నిలబడ్డదా, ఇంకా ఊగుతున్నదా అని చెప్పేటివి అవి.

బత్తాయి_తోట

నల్గొండ నుంచి. రంగులు, వరుస అన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు సాగర్ గారూ, తెలుగు లేబుళ్లు కావాలన్నప్పుడే సగం టూల్‌కిట్లు జాబితాలోంచి వెళ్లిపోతాయి. సప్లయర్ ఇచ్చినది మొదట ఇక్కడే తేలుతుంది.

తెలుగు అక్షరం యూనికోడ్‌లో కోడ్‌ల వరుసగానే ఉంటుంది. క, పొల్లు, ష అని మూడు కోడ్‌లు వస్తే వాటిని క్ష గా కూర్చే పని షేపింగ్ ఇంజిన్‌ది. ఇప్పుడు ఆ పని ఎక్కువ చోట్ల హార్ఫ్‌బజ్ చేస్తుంది. జీటీకే దాన్ని ప్యాంగో ద్వారా వాడుతుంది, క్యూటీ వాడుతుంది, ఫ్లట్టర్ వాడుతుంది, జావా స్వింగ్‌కు జేడీకే 9 నుంచి అదే. ఇవి నాలుగూ రూపంలో ఒకదానికొకటి పోలిక లేనివి, అయినా "లక్ష్మి" అని రాస్తే నాలుగింట్లోనూ సరిగ్గా వస్తుంది. నన్నడిగితే టూల్‌కిట్ల లోకంలో నిజంగా కుదిరిన స్టాండర్డ్ ఇదొక్కటే, దీని గురించి ఎవరూ యుద్ధం చేయలేదు కూడా.

షేపింగ్ లేనివి చూడండి. పైథాన్‌తో ఊరికే వచ్చే టీకే 8.6 విండోస్ మీద తెలుగు బాగానే చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ విండోసే కూర్చి పెడుతుంది. అదే ప్రోగ్రాం లైనక్స్ మీద ఎక్స్‌ఎఫ్‌టీతో గీస్తుంది, అది షేపింగ్ చేయదు. ఒత్తులన్నీ విడిపోయి పొల్లులతో వరుసగా నిలబడతాయి. విండోస్ మీద టెస్ట్ చేసి లైనక్స్‌కు పంపితే మిల్లులో తెలిసే తప్పు ఇది. చిన్న ప్యానెళ్లలో ఎక్కువగా కనిపించే ఎల్‌వీజీఎల్ తేలిక, ఎంఐటీ లైసెన్సు, అన్నీ బాగున్నాయి. కాని తెలుగు ఒత్తులను దానంతట అది కూర్చదు. సప్లయర్ డిజైనర్ లోపల ఏముందో అతను చెప్పనవసరం లేదు, ఈ మాటలు లేబుల్‌లో పెట్టి ప్యానెల్ మీద చూపించమనండి: లక్ష్మి, స్త్రీ, జ్యోత్స్న, కృష్ణ, ట్రాన్స్‌పోర్ట్. డిజైనర్ తెర మీద కాదు, ప్యానెల్ మీదే. డిజైనర్ విండోస్‌లో నడుస్తుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది.

ఒత్తులు విడిపోతే, మారని లేబుళ్లను బొమ్మలుగా చేసి పెట్టుకోవచ్చు. రైతు పేరు, ఊరు పేరు బొమ్మలు చేయలేం కదా.

ఎత్తు సంగతి ఇంకోటి. ఇంగ్లిష్ బటన్ల కోసం పెట్టిన ఎత్తులో "స్త్రీ" పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు పట్టవు, కింద భాగం తెగిపోతుంది. బటన్‌కు, టేబుల్ వరుసకు పిక్సెళ్లలో ఎత్తు రాయకండి. ఫాంట్ నుంచి ఎత్తు అడిగి, పైనా కిందా కొంత ఖాళీ కలిపి పెట్టండి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్రోగ్రాంతో పాటే ఇవ్వండి, దాని ఓఎఫ్ఎల్ లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. మూడు మిషన్ల మీద మూడు ఫాంట్లు ఉంటే కొలతలన్నీ మారిపోతాయి. తూకం అంకెలకు మాత్రం అన్ని అంకెలూ ఒకే వెడల్పు ఉన్న ఫాంట్ పెట్టండి, లేకుంటే కాటా ఊగినప్పుడల్లా అంకె అటూ ఇటూ జరుగుతుంది. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో, ప్యానెల్‌లో అంతకంటే పాత ఫాంట్ ఉంటే దాని స్థానంలో ఖాళీ పెట్టె వస్తుంది.

పాత డేటా కూడా చూసుకోండి. వీబీ6 మామూలు లేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు యూనికోడ్‌వి కావు. కాబట్టి అందులో తెలుగు కనిపిస్తోందంటే, డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్ల లాంటి పద్ధతి ఏదో పెట్టి ఉంటారు: లోపల ఇంగ్లిష్ కోడ్‌లు, పైన తెలుగు బొమ్మ. ఒక్కో ఫాంట్ తయారీదారు ఒక్కో అక్షరాన్ని తనకు నచ్చిన నంబర్‌లో పెట్టాడు. ఒత్తులు కనిపించే వరుసలో ఉంటాయి, పలికే వరుసలో కాదు. రైతు పేర్లను యూనికోడ్‌కు మార్చాలంటే ఆ ఫాంట్‌కు తగిన పట్టిక కావాలి, మార్చిన తర్వాత ఒత్తుల వరుస సరిచేయాలి. స్క్రీన్లు మొదలుపెట్టకముందే ఆ పని అయిపోవాలి. మామూలు బొమ్మల స్వేచ్ఛకు, డేటాలోకి దూరిన స్వేచ్ఛకు తేడా అక్కడ తెలుస్తుంది.

దేవరకొండ_గుట్ట

అందరూ స్టాండర్డ్ దిక్కే మాట్లాడుతున్నరు, సప్లయర్ దిక్కు నుంచి నేను మాట్లాడుత.

ఒక్క టూల్‌కిట్ అనంగనే పని అయిపోతదా? జావా మొదటి ఏడబ్ల్యూటీ చూడు. అన్ని సిస్టంలల్ల ఉన్నయే ఇస్తం అన్నరు, అంటే ఎవ్వరి దగ్గర లేనిది ఇయ్యలేకపోయిన్రు. టేబుల్ లేదు, ట్రీ లేదు. తర్వాత స్వింగ్ వచ్చి అన్నీ తనే గీసుకునుడు మొదలుపెట్టింది, పైన రూపం మార్చుకునే వీలు ఇచ్చింది. ఒక్క కంపెనీ చేతుల ఉంటే సుఖం అనుకుంటే విండోస్‌నే చూడండ్రి: విన్32, ఎంఎఫ్‌సీ, విన్‌ఫారమ్స్, 2006ల డబ్ల్యూపీఎఫ్, తర్వాత యూడబ్ల్యూపీ, ఇప్పుడు విన్‌యూఐ 3. పోటీ లేకున్నా దారి మారుడు ఆగలేదు.

ప్యానెల్ సప్లయర్ సొంత టూల్‌కిట్ ఇచ్చుడు ఊరికే కాదు. తక్కువ మెమరీల నడవాలె, కరెంట్ వచ్చిన రెండు మూడు సెకన్లల్ల స్క్రీన్ రావాలె, టచ్ క్యాలిబ్రేషన్, బ్యాక్‌లైట్, వాచ్‌డాగ్ (మిషన్ బిగుసుకుంటే మళ్లీ లేపేది) అన్నీ దాంట్లనే కలిపి ఉంటయి. నువ్వు క్యూటీ ఎక్కిస్త అంటే అవన్నీ నీ నెత్తి మీదికొస్తయి.

అయితే స్వేచ్ఛ ఎట్లియ్యాలె అన్నదానికి ఆండ్రాయిడ్‌ది మంచి లెక్క. 2012ల, ఆండ్రాయిడ్ 4.0 కాడ, ఆండ్రాయిడ్ మార్కెట్ (ఇప్పటి ప్లే స్టోర్) కావాలన్న ప్రతి ఫోన్ల హోలో థీమ్‌ను ముట్టుకోకుంట ఉన్నది ఉన్నట్టు పెట్టాలె అన్నరు. కంపెనీ తన రంగులు, తన బటన్లు పెట్టుకునేతందుకు డివైస్ డిఫాల్ట్ అని ఇంకో థీమ్ ఇచ్చిన్రు. హోలో అడిగిన యాప్ ఏ ఫోన్ల అయినా ఒక్కతీరు కనిపిస్తది. డివైస్ డిఫాల్ట్ అడిగిన యాప్ ఆ కంపెనీ ఫోన్‌ల కలిసిపోతది. ఎన్నుకునేది యాప్ రాసినోడు. కంపెనీ చెయ్యి కట్టెయ్యలే, యాప్‌ను కంపెనీ దయకు వదలలే.

గ్నోమ్‌ల ఇదే లొల్లి ఆలస్యంగ తెగింది. జీటీకే 3ల థీమ్ అంటే మొత్తం సీఎస్ఎస్, డిస్ట్రిబ్యూషన్లు ఇష్టమొచ్చినట్టు మార్చేటివి, యాప్‌లు విరిగేటివి. 2019ల యాప్ రాసేటోళ్లు మా యాప్‌లకు థీమ్ వెయ్యకుండ్రి అని బహిరంగ లేఖ రాసిన్రు. 2021 ఆఖరుకు గ్నోమ్ సొంత లైబ్రరీ లిబ్అద్వైత వచ్చి తలుపులు మూసింది. చివరికి గ్నోమ్ 47ల, అంటే 2024ల, యాక్సెంట్ కలర్ అని ఒక్క మీట ఇచ్చిన్రు. జంక్షన్ చెప్పిన నాలుగు సెట్టింగుల ఫైల్ కూడా ఇసొంటిదే.

తమ్మీ, ప్యానెల్ మీద నీ మొత్తం ప్రోగ్రాం ఎందుకు? లారీ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, నికరం, "నిలబడ్డది" లైటు, రెండు బటన్లు. అంతే కద. లెక్కంతా కాటా రూము పీసీల ఒక సర్వీసుగ పెట్టు. ప్యానెల్‌కు నెట్‌వర్క్ మీద చిన్న మెసేజ్ పంపు. మెసేజ్ ఎట్లుండాలె అన్నది నువ్వు రాసి ఇయ్యి, అండ్ల అక్షరం మార్చొద్దు అను. గీసుడు సప్లయర్ ఇష్టం. పేర్లు తెలుగుల రాకుంటే పీసీనే ఆ లైను బొమ్మ గీసి పంపుతది, బత్తాయి గారు చెప్పిన చిక్కు కూడా పోతది.

జడ్చర్ల_జంక్షన్

గుట్ట అన్న చెప్పిన విడదీసుడు నాకు సమ్మతమే. ఒక్క మాట చేరుస్త. "గీసుడు సప్లయర్ ఇష్టం" అంటే రంగు దాకనే. ఏది ఎక్కడుండాలె, ఏది నొక్కితే ఏమైతది, అన్నది నీ దగ్గర ఉండాలె. ఐఈఈఈల ఒకప్పుడు పీ1201.2 అని ఒక కమిటీ దీని మీదనే పని చేసింది, డ్రైవబిలిటీ అన్నరు: ఏ లారీ ఎక్కినా క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ అదే వరుసల ఉంటయి, డ్యాష్‌బోర్డు ఎట్లన్న ఉండనీ. నీ కాటాకు ఆ మూడు ఏందంటే: సేవ్ బటన్ జాగ, రద్దు బటన్ జాగ, తూకం నిలబడక ముందు సేవ్ నొక్కరాకపోవుడు. మూడోది స్క్రీన్ మీద వదలకు, సర్వీసులనే ఆపు. ఇండికేటర్ (కాటా అంకె చూపే పెట్టె) పంపే లైన్ల స్థిరం, అస్థిరం అని ఒక గుర్తు వస్తది. స్థిరం లేనప్పుడు సేవ్ వస్తే సర్వీసు తిప్పి కొట్టాలె. అప్పుడు ఏ సప్లయర్ ఎట్ల గీసినా తప్పు తూకం ఎక్కదు.

బటన్ సైజు సప్లయర్‌కు మిల్లీమీటర్లల్ల రాసి ఇయ్యి, పిక్సెళ్లల్ల కాదు. వేలుకు కనీసం 9 మిల్లీమీటర్లు కావాలె. 7 అంగుళాల 1024×600 మీద అంగుళానికి 170 పిక్సెళ్ల దాకా వస్తయి, అంటే 60 పిక్సెళ్లు. అదే 7 అంగుళాలల్ల 800×480 ప్యానెల్ వస్తే 47 చాలు. ఊక దుమ్ము, హమాలీల మొద్దు చేతులు చూసుకుంటే నేనైతే 15 మిల్లీమీటర్లు అడుగుత.

సాగర్_ఎడమకాల్వ

అందరికీ మస్తు థ్యాంక్స్. విడదీసుడే ఖాయం చేసుకున్న, డెస్క్‌టాప్ రెండింటి మీద క్యూటీ. ఇంక రెండు అడుగుత. ఉబుంటు వేల్యాండ్ (ఎక్స్11 జాగల వచ్చిన పద్ధతి) మీద ప్రోగ్రాం విండో పోయినసారి మూసిన జాగలనే తెరుద్దామంటే మాట వింటలేదు, పైన టైటిల్ పట్టీ కూడా మిగతా ప్రోగ్రాంల లెక్క లేదు. ఇది క్యూటీ తప్పా, గ్నోమ్ తప్పా? రెండోది, కాటా సీరియల్ పోర్టు చదివేటప్పుడు స్క్రీన్ బిగుసుకుంటున్నది.

గద్వాల్_జరీ

ఎవరి తప్పూ కాదు, వేల్యాండ్ పద్ధతే అంత. ఎక్స్11లో ప్రోగ్రాం తన విండోను స్క్రీన్‌లో ఫలానా చోట పెట్టమని అడగగలిగేది. వేల్యాండ్‌లో అది కంపోజిటర్ (విండోలను తెర మీద అమర్చే ప్రోగ్రాం) పని. ఎక్స్‌డీజీ షెల్ అనే దాని ప్రోటోకాల్‌లో మామూలు విండోకు "నన్ను ఇక్కడ పెట్టు" అని చెప్పే మాటే లేదు. కాబట్టి ఆ కోడ్ తీసేయండి. కాటా రూము పీసీలో ఈ ఒక్క ప్రోగ్రామే నడుస్తుందంటే ఫుల్‌స్క్రీన్ అడగండి, దానికి ప్రోటోకాల్‌లో చోటుంది. ఇంకా గట్టిగా కావాలంటే గ్నోమ్ బదులు కేజ్ అనే చిన్న కంపోజిటర్ పెట్టండి, అది ఒక్క ప్రోగ్రాంను స్క్రీన్ నిండా నడపడానికే ఉంది. ఆపరేటర్ పొరపాటున ప్రోగ్రాం వెనక్కి పంపి ఇంకోటి తెరవడం కూడా ఆగుతుంది.

టైటిల్ పట్టీ సంగతి వేరు. పట్టీని కంపోజిటర్ గీయాలా, ప్రోగ్రామే గీసుకోవాలా అని మాట్లాడుకునేందుకు ఎక్స్‌డీజీ డెకరేషన్ అని ఒక ప్రోటోకాల్ ఉంది. కేడీఈ దాన్ని పాటిస్తుంది, గ్నోమ్ తీసుకోలేదు. అందుకని గ్నోమ్‌లో క్యూటీ తన పట్టీ తనే గీసుకుంటుంది, పక్కనున్న జీటీకే ప్రోగ్రాంలకు అది పోలదు. ఫుల్‌స్క్రీన్ పెడితే ఆ పట్టీయే ఉండదు కాబట్టి మీకు ఈ గొడవ లేదు.

రైతు పేరు తెలుగులో టైప్ చేయడం మాత్రం టెస్ట్ చేయండి. ఇన్‌పుట్ మెథడ్ (నొక్కిన కీలను తెలుగు అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం, ఐబస్ లాంటిది) కోసం వేల్యాండ్‌లో టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్ ఒకటి కాదు, వేర్వేరు వెర్షన్లు తిరుగుతున్నాయి. టూల్‌కిట్ మాట్లాడే వెర్షన్, కంపోజిటర్ మాట్లాడే వెర్షన్ కలవకపోతే ఐబస్‌లో తెలుగు ఎంచుకున్నా ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి. నేరుగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ పెడితే ఆ బెడద ఉండదు, ఎందుకంటే అది ఇన్‌పుట్ మెథడ్ లేకుండా కీ మ్యాప్‌తోనే నడుస్తుంది. ఫొనెటిక్ అలవాటున్న ఆపరేటర్ ఉంటే, కేజ్ మీదికి మారే ముందే ఆ కలయిక పని చేస్తుందో లేదో చూసుకోండి.

బిగుసుకోవడానికి కారణం సీరియల్ పోర్టును స్క్రీన్ గీసే థ్రెడ్‌లోనే (ప్రోగ్రాంలో నడిచే ఒక పని వరుస) కూర్చుని చదవడం. క్యూటీ అయినా, జీటీకే అయినా, స్వింగ్ అయినా స్క్రీన్ పని ఒక్క థ్రెడ్‌లోనే జరగాలి, ఆ థ్రెడ్ ఎక్కడా ఎదురుచూడకూడదు. మీరు సర్వీసు విడదీస్తున్నారు కాబట్టి పోర్టు చదవడం అక్కడికి పోతుంది. ఇండికేటర్ సెకనుకు ఎన్ని లైన్లు పంపినా స్క్రీన్‌కు సెకనుకు 4 లేదా 5 సార్లు పంపితే చాలు. లైను మధ్యలో చదవడం మొదలైతే సగం అంకె వస్తుంది, 24,560 బదులు 560 కనిపించేది అందుకే. లైను మొదలు గుర్తు, చివర గుర్తు రెండూ చూశాకే అంకె తీసుకోండి. బాడ్ రేటు (పంపే వేగం), పారిటీ (తప్పు పట్టే బిట్) ఇండికేటర్ మెనూలో ఎట్లా ఉంటే అట్లాగే పెట్టండి; 7 బిట్లు, ఈవెన్ పారిటీ ఉన్నదాన్ని 8 బిట్లు, పారిటీ లేకుండా చదివితే కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని చెత్తగా వస్తాయి, చూసేవాళ్లు కేబుల్ మీద అనుమానపడతారు.

పాలమూరు_పిక్సెల్

లైసెన్సు మాట ఒకటి మిగిలింది. క్యూటీని ఎల్‌జీపీఎల్ 3 కింద వాడితే డైనమిక్ లింకింగ్ (లైబ్రరీని వేరే ఫైల్‌గా ఉంచడం) పెట్టుకోండి, తీసుకున్నవాళ్లు ఆ లైబ్రరీని మార్చి పెట్టుకునే వీలుండాలి. ఎప్పుడైనా ప్యానెల్ మీదికి కూడా క్యూటీ తీసుకెళ్తే, క్యూటీ వర్చువల్ కీబోర్డ్ ఎల్‌జీపీఎల్‌లో లేదు, జీపీఎల్ 3 లేదా డబ్బు కట్టే లైసెన్సు. తెలియకుండా కలిపేస్తే మీ కోడ్ మొత్తానికి అది వర్తిస్తుంది.

సప్లయర్ కొటేషన్‌లో ఇప్పుడే రాయించుకోండి: సొంత టూల్‌కిట్ లేకుండా ఖాళీ లైనక్స్‌తో బూట్ అయ్యే ఇమేజ్ ఒకటి, అందులో డిస్‌ప్లే డీఆర్ఎం ద్వారా, టచ్ ఈవీడెవ్ ద్వారా (రెండూ లైనక్స్ కెర్నల్ సొంత దారులే) పని చేయాలి, కెర్నల్ సోర్స్ కూడా ఇవ్వాలి. ఇది ఉంటే రేపు వాళ్ల టూల్‌కిట్ ఆగిపోయినా అదే ప్యానెల్ మీద ఇంకోటి ఎక్కించవచ్చు. డబ్బులు కట్టాక అడిగితే ఇవ్వరు.